వందలో ఒక్క గింజ

రేషన్ బియ్యం చాటలో పోసి చెరుగుతుంటే కొన్ని గింజలు వేరుగా కనిపిస్తాయి. మిగతావాటికన్నా కాస్త పాలిపోయి, అంచులు మరీ నున్నగా, అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని నీళ్ల మీదికి తేలతాయి. ఇంట్లో పెద్దావిడ చూసిందంటే వాటిని ఏరి పక్కన పడేస్తుంది. మట్టిబెడ్డలు, వడ్లు, మెరిగెలు ఏరడం తరతరాల అలవాటు. తేడాగా ఉన్నదేదైనా కల్తీయేనని ఆ చేతికి తెలుసు. పైగా 2017 జూన్‌లో ప్లాస్టిక్ బియ్యం పుకారు హైదరాబాద్‌ను ఊపేసింది. అన్నం ముద్దను బంతిలా నేలకేసి కొట్టే వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. అది వట్టి పుకారేనని పౌరసరఫరాల శాఖ చెప్పింది. భయం మాత్రం బస్తీల్లో మిగిలిపోయింది. కొన్నేళ్లకు నిజంగానే వేరే రకం గింజలు బియ్యంలోకి వచ్చేసరికి అది మళ్లీ లేచి కూర్చుంది.

ఏరి పారేస్తున్న ఆ గింజల్లో ఉన్నవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్. రేషన్ దుకాణం, బడి మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ ఇలా ప్రభుత్వం ఇచ్చే బియ్యమంతా 2024 కల్లా పోషకాలు కలిపినదే అవుతుందని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని ప్రకటించారు. 2024 మార్చి నాటికి ఆ పని పూర్తయిందని కేంద్రం చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో పథకాన్ని 2028 డిసెంబరు దాకా కొనసాగించాలని, అందుకు 17,082 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇంత డబ్బు పెట్టి కలిపిన గింజ గురించి, దాన్ని వండుకునే మనిషికి ఒక్క ముక్క కూడా అర్థమయ్యేలా చెప్పలేకపోవడమే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

తెలంగాణలో ఆ బియ్యాన్ని సేకరించి, మరపట్టించి, దుకాణాలకు పంపే పౌరసరఫరాల శాఖ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లో ఖైరతాబాద్, పంజగుట్టల మధ్య, ఎర్రమంజిల్ దగ్గర ఉంది. అటు పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి. ఇటు సైఫాబాద్‌లో ఆహారశాస్త్రం చెప్పే హోంసైన్స్ కాలేజీ. లక్డీకాపూల్ దాటి రెడ్‌హిల్స్‌లోకి తిరిగితే నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. అమీర్‌పేట వైపు వెళ్తే రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి హాస్టళ్లలో రెండు పూటలా తెల్లన్నం తినే కుర్రాళ్లు, ఆడపిల్లలు. పోషకాహారం గురించి ఎవరైనా ఏమైనా మాట్లాడాలంటే ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే సగం కథ దొరుకుతుంది.

గింజలో ఏముంది, ఎంత ఉంది

నూకల్ని మెత్తగా పిండి పడతారు. అందులో ఇనుము, విటమిన్ల పొడి కలిపి, నీళ్లు, ఆవిరి తగిలిస్తూ ముద్ద చేస్తారు. ఇంట్లో మురుకుల గొట్టంలో పిండి నొక్కినట్టే ఆ ముద్దను యంత్రంలో సన్నటి రంధ్రాల గుండా నొక్కి, బియ్యపు గింజంత పొడవున కత్తిరించి, ఆరబెడతారు. మిల్లర్లు వీటిని కెర్నల్స్ అంటారు. నూరు పాళ్ల బియ్యానికి ఒక పాలు కెర్నల్స్ కలుపుతారు. బియ్యప్పిండితోనే చేసినవి కాబట్టి అన్నంతోపాటే ఉడికిపోతాయి. యంత్రంలో నొక్కిన పిండి కాబట్టి మామూలు గింజంత గట్టిగా ఉండవు. అందుకే కొన్ని నీళ్లలో తేలతాయి.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల బీ12 ఉండాలి. ఈ అంకెల్ని మన కంచానికి దించి చూద్దాం. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల రేషన్ బియ్యం. అంటే రోజుకు 200 గ్రాములు. అంతా వండుకుని తింటే ఇనుము 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు అందుతుంది. 2020లో సవరించిన భారత ప్రమాణాల ప్రకారం వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఈ బియ్యం అందులో అయిదో వంతు నుంచి పావు వంతు పైచిలుకు వరకు తీరుస్తుంది. తక్కువేం కాదు. బీ12 దగ్గరికొస్తే రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములు, ఈ బియ్యంలో వచ్చేది 0.15 నుంచి 0.25. గట్టిగా పదో వంతు. గర్భిణి కాని స్త్రీకి ఫోలేట్ 220 మైక్రోగ్రాములు కావాలి, వచ్చేది 15 నుంచి 25. అదీ పదో వంతే.

కాబట్టి ఈ గింజ విషమని ఏరి పారేసేవారిదీ, దీనితో రక్తహీనత పారిపోతుందని ప్రచారం చేసేవారిదీ ఇద్దరిదీ తొందరపాటే. ఇది ఒక చేయూత. మిగిలిన ముప్పాతిక భాగం కంచంలోకి ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే మన కంచం ఇంత తెల్లగా ఎలా మారిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

సర్కారు జిల్లాల బెరిబెరి

1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, ఒళ్లు నీరుపట్టి, గుండె ఆగిపోయే జబ్బు అది. బీ1 విటమిన్ లేకపోతే వస్తుంది. దక్షిణాదిలో ఆ జబ్బు తిష్ట వేసింది ముఖ్యంగా తెలుగునేల మీద, ఉత్తర సర్కారు జిల్లాల్లో. మెకారిసన్ తర్వాత ఆ ప్రయోగశాలను నడిపిన ఎక్రాయిడ్ తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక సమగ్ర నివేదిక వెలువరించారు. అందులో తేలింది ఇది: తమిళ దేశంలోనూ వరి అన్నమే తింటారు, అక్కడా పేదరికమే, కానీ అక్కడ బెరిబెరి లేదు. వాళ్లు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టేటప్పుడు పైపొరలోని విటమిన్లు గింజ లోపలికి ఇంకుతాయి. ఆ తర్వాత ఎంత తెల్లగా పట్టినా కొంత మిగులుతుంది. మన వాళ్లు పచ్చి బియ్యాన్ని మరపట్టించి, పదే పదే కడిగి, గంజి వార్చి తిన్నారు. మరలు ఊళ్లలోకి వచ్చి, దంపుడు బియ్యం వెనక్కి తగ్గిన కొద్దీ తవుడుతోపాటు బీ1 కూడా పశువుల కుడితిలోకి పోయింది.

ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు, తార్నాకకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తెలుగు జిల్లాల జబ్బుతో కథ మొదలైన సంస్థ చివరికి తెలుగువాళ్ల రాజధానిలోనే స్థిరపడింది.

ఇక్కడికి వచ్చాక దానికి ఎదురైన రోగం వేరు. తెలంగాణ పల్లెల్లో జొన్న తప్ప మరో తిండి దొరకని కూలీలకు ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబారి పొలుసులు లేచేది. విరేచనాలు, మతి చలించడం తోడయ్యేవి. అది పెల్లాగ్రా, నియాసిన్ అనే మరో బీ విటమిన్ లోపం. మొక్కజొన్న తినే దేశాల్లో ఇది మామూలే, కానీ జొన్న తినేవాళ్లకు ఎందుకు వస్తోంది? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం వల్ల ఒంట్లో నియాసిన్ తయారీ దెబ్బతింటోందన్నారు. ఆ సిద్ధాంతంపై తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఆ వాదనల్లోకి ఇప్పుడు వెళ్లనక్కర్లేదు. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. జొన్న చెడ్డ తిండి కాదు. జొన్న తప్ప ఇంకేమీ దొరకని బతుకే చెడ్డది. సర్కారులో తెల్లబియ్యం, తెలంగాణలో జొన్న. గింజ వేరు, రోగం వేరు, మూలం మాత్రం ఒకటే. కంచంలో రెండో వస్తువు లేదు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలితో పడుకునే ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ మేలును తక్కువ చేసే మాట నేనెన్నడూ అనను. కానీ ఆ తర్వాతి ఏళ్లలో జొన్నరొట్టె, సజ్జ సంకటి, కొర్రన్నం తినే ఇళ్లు కూడా బియ్యం వైపు తిరిగాయి. పోషకాహార సంస్థలో ఉప సంచాలకురాలిగా పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఇదే: పేదవాడికి లెక్కగట్టి కెలొరీలు నింపేశాం, అవీ ధాన్యంతోనే, గుడ్డు, పాలు, మాంసం అతని హక్కని ఎవరూ అనుకోలేదు. బియ్యం ఒక్కటే ఇంటింటికీ చేరుతోంది కనుక మందూ బియ్యంలోనే కలపాలన్న ఆలోచన ఆ పరిస్థితిలోంచే పుట్టింది.

భీమవరం నుంచి పెరల్ రివర్ దాకా

రేషన్ గింజలో ఉన్న మూడు పోషకాల్లో ఒకదాని వెనుక తెలుగువాడు ఉన్నాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకోవడం చూశారు. తిన్నది ఒంటబట్టదు, రక్తం ఎండిపోతుంది. ఆయనకూ అదే జబ్బు సోకి బతికి బయటపడ్డారు. అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఏళ్ల పాటు శ్రమపడి, తర్వాత న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందయింది.

ఈ విటమిన్ ఆచూకీ మొదట దొరికింది కూడా మన దేశంలోనే. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో, గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేశారు. ఆ సారంలో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. అదే ఫోలేట్. గర్భం దాల్చకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోని లోపాలు దాదాపు మూడొంతులు తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన ప్రయోగం నిరూపించింది. 1998 నుంచి అమెరికా ధాన్యపు పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది. సుబ్బారావు 1948లోనే, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ మందు ఇప్పుడు భీమవరం రేషన్ బియ్యంలోనూ ఉంది, హైదరాబాద్ చింతల్‌బస్తీ బియ్యంలోనూ ఉంది. ఆ గింజ ఇది అని చూపించి ఆయన పేరు చెప్పే ఒక్క బోర్డు కూడా రేషన్ దుకాణాల్లో పెట్టకపోవడం మనకే నష్టం. 'ఇది ప్లాస్టిక్ కాదు' అని పదిసార్లు చెప్పేకన్నా 'ఇది మన సుబ్బారావు కనిపెట్టిన మందు' అని ఒక్కసారి చెబితే ఎక్కువమంది వింటారని నా నమ్మకం.

హైదరాబాద్ బడిపిల్లలు చెప్పినది

కలిపితే పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు మన ఊళ్లోనే ఒక మంచి ప్రయోగం జరిగింది. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లో 5 నుంచి 11 ఏళ్ల బడిపిల్లలు 140 మందిని రెండు జట్లు చేసి, మధ్యాహ్న భోజనంలో ఒక జట్టుకు ఇనుము చేర్చిన అన్నం, మరో జట్టుకు మామూలు అన్నం ఎనిమిది నెలలు పెట్టారు. ఎవరికి ఏది పెడుతున్నారో పిల్లలకూ తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. 2011లో ఫలితం ప్రచురించారు. ఇనుము తిన్న పిల్లల ఒంట్లో ఇనుము నిల్వలు పెరిగాయి, లోపం తగ్గింది. హిమోగ్లోబిన్ మాత్రం రెండు జట్లలోనూ పెరిగింది. మామూలు అన్నం తిన్న పిల్లల్లో కూడా!

ఆ ఫలితాన్ని నేను ఇలా చదువుకుంటాను. గింజలోని ఇనుము ఒంట్లోకి చేరుతోంది, అందులో అనుమానం లేదు. కానీ రక్తం పట్టడానికి ఇనుము ఒక్కటీ చాలదు. రోజూ వేళకు కడుపునిండా వేడి భోజనం దొరకడం, పిల్లల మీద పెద్దల కన్ను ఉండటం కూడా రక్తమే అవుతాయి. 2019లో ప్రపంచవ్యాప్త ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టిన కోక్రేన్ సమీక్ష కూడా ఇనుము కలిపిన బియ్యం వల్ల రక్తహీనత ముప్పులో పెద్ద తేడా రాకపోవచ్చనే చెప్పింది.

అసలు రక్తహీనత ఎంతమందికి ఉందన్నదే వివాదం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం, 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనులు. అంతకుముందు సర్వేలో పిల్లల అంకె 60.7. అంటే పెరిగింది. అయితే ఆ సర్వే వేలి కొసన పొడిచి తీసిన చుక్కతో లెక్క కడుతుంది. నరంలోంచి రక్తం తీసి కొలిచిన 2016–18 జాతీయ పోషణ సర్వేలో దేశం మొత్తం మీద ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతమే తేలింది. వారిలోనూ ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత మూడో వంతుకు కొంచెం ఎక్కువ. మిగిలినవారికి ఫోలేట్, బీ12 లోపాలు, ఇన్‌ఫెక్షన్లు, మరెన్నో కారణాలు. ఈ గొడవ వల్లే తర్వాతి కుటుంబ సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తీసేసి, నరం రక్తంతో కొలిచే కొత్త దేశవ్యాప్త సర్వే బాధ్యతను మన తార్నాక సంస్థకే అప్పగించారు. రోగం సరిగ్గా కొలవకుండా దేశం మొత్తానికీ ఒకే మోతాదు ఇవ్వొచ్చా అని బెంగళూరు, ఢిల్లీ వైద్యులు గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారి విషయం మరింత సున్నితమైనది. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే పేరుకుని ఉంటుంది. దాన్ని బయటికి పంపడానికే వాళ్లు మందులు వాడతారు. అందుకే ఇనుము కలిపిన ఆహారం సంచుల మీద హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన వచ్చింది. తర్వాత నిపుణుల బృందం పరిశీలించి, బియ్యంలో కలిపే మోతాదుకు ఆ భయం అక్కర్లేదని అభిప్రాయపడింది. హెచ్చరిక ఉన్న రోజుల్లో కూడా అది ఉన్నది 50 కిలోల గోనె సంచి మీద. కార్డుదారుకు డీలరు కాటా వేసి పోసేది విడి బియ్యం. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో సికిల్ సెల్ ఉన్న గిరిజన కుటుంబాలకు ఆ అక్షరాలు ఎప్పుడు కనపడ్డాయి? ఎవరు చదివి చెప్పారు? పథకం మంచిదని నమ్మేవాళ్లే ముందుగా ఈ లోపాన్ని సరిచేయాలి.

అమీర్‌పేట కంచం

మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, ఎస్సార్ నగర్, బల్కంపేట వైపు, బోర్డు లేని మేడ కనపడదు. కింద కోచింగ్, పైన హాస్టల్. ఉద్యోగం వచ్చేదాకా కొందరు ఏడాది, కొందరు మూడేళ్లు అక్కడే. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం అన్నం, పలుచటి పప్పు, సాంబారు, రాత్రికి మళ్లీ అదే. ఈ హాస్టళ్లు వండేది బయటి మార్కెట్ సోనామసూరి. దానికి పోషకాలు కలపాలన్న నిబంధన లేదు. అంటే రేషన్ కార్డు మీద వచ్చే ఆ కొద్దిపాటి బీ12 కూడా ఈ పిల్లలకు రాదు.

వాళ్లకు అది అవసరమా అంటే, చాలా అవసరం. హైదరాబాద్‌లో పైకి ఆరోగ్యంగానే కనిపించే పెద్దవాళ్ల రక్తాన్ని పరీక్షించి పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం మీద 35 శాతం మందిలో బీ12 లోపం ఉంది. 21–40 ఏళ్లవారిలో అయితే 44 శాతం! అరవై దాటినవారికన్నా పడుచువారిలోనే ఎక్కువ. బీ12 సహజంగా దొరికేది జంతు సంబంధమైన ఆహారంలోనే: పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం. ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుంది, బీ12 ఉండదు. అరికాళ్లలో తిమ్మిరి, ఊరికే అలసట, మతిమరుపు వస్తే పరీక్షల ఒత్తిడే అనుకుని ఊరుకుంటారు. లోపం ముదిరితే నరాలకు తగిలే దెబ్బ కొన్నిసార్లు తిరిగి మానదు. హాస్టల్ అద్దెలో వైఫై ఉందా అని అడిగే తల్లిదండ్రులు, రోజుకో గుడ్డు, ముద్ద పెరుగు ఉన్నాయా అని కూడా అడగాలి. అడిగేవాళ్లు పదిమంది ఉంటే పెట్టేవాళ్లూ ఉంటారు.

ఇనుము సంగతిలో మరో చిన్న కిటుకు ఉంది. అది కూడా తార్నాకలోనే తేలింది. అన్నం, పప్పులో ఉన్న ఇనుము అంత తేలిగ్గా ఒంటబట్టదు. గింజల్లో ఉండే ఫైటేట్లు దాన్ని పట్టేసుకుంటాయి. కె. మాధవన్ నాయర్ బృందం కౌమారంలో ఉన్న పిల్లలకు అన్నంతోపాటు జామపండు పెట్టి చూసింది. ఒంటబట్టే ఇనుము దాదాపు రెట్టింపయింది. జామలోని సీ విటమిన్ చేసిన మేలు అది. 2013లో ఆ ఫలితం వెలువడింది. భోజనం కాగానే తాగే చాయ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. టీలోని ట్యానిన్లు ఇనుమును కట్టేస్తాయి. అమీర్‌పేట చౌరస్తాలో చాయ్ బండి, ఉప్పూకారం చల్లిన జామకాయల బండి పక్కపక్కనే ఉంటాయి. అన్నం తిన్న వెంటనే జామకాయ ముక్కలు, చాయ్ మాత్రం గంటో గంటన్నరో ఆగి. ఇందుకు ఏ పథకమూ అక్కర్లేదు.

నిలోఫర్ వార్డులో పుట్టిన పిండి

నిలోఫర్ ఆసుపత్రితో పోషకాహార సంస్థకు ఎన్నో ఏళ్లుగా అనుబంధం ఉంది. బక్కచిక్కి, ఒళ్లు వాచి వచ్చే పసివాళ్లను కోలుకునేలా చేయడానికి తయారైన పిండికి పిల్లల వైద్యం పాఠ్యపుస్తకాల్లో మన ఊరి పేరే ఉంది: హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ గుళ్లు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. అందులో 330 కెలొరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. ఇందులో విదేశీ పొడి లేదు, కెర్నల్ లేదు. ఖైరతాబాద్ మార్కెట్లో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే నాలుగు వస్తువులు. తల్లి ఇంటికి వెళ్లాక కూడా చేసిపెట్టగలిగేలా ఆలోచించిన ఆ తెలివి ముందు నేను చేతులు జోడిస్తాను.

అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం ఆ ఆలోచనకే పెద్ద యంత్రాల రూపం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారుచేస్తారు. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. విటమిన్లు కలపడానికి ఇది బియ్యంకన్నా మంచి చోటని నా అభిప్రాయం. ఎందుకంటే ఇందులో పోషకానికి తోడుగా పాలు, పప్పు, నూనె కూడా ఉన్నాయి. ఒకే ఇబ్బంది, ఆ ప్యాకెట్‌ను ఇంట్లో అందరూ పంచుకుంటారు. ఆకలి ఉన్న ఇంట్లో పసివాడి వాటా వేరుగా ఉండదు.

చిన్నప్పుడు పెట్టిన తిండి ఎంత దూరం వస్తుందో తెలుసుకోవాలంటే నగరం వెలుపలి పల్లెలకు వెళ్లాలి. 1987–90 మధ్య అక్కడ కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. పక్క గ్రామాల్లో ఆ పథకం అప్పటికి మొదలుకాలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక శాస్త్రవేత్తలు తిరిగి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా వారిలోనే మెరుగ్గా ఉన్నాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2008లో ఈ ఫలితాన్ని అచ్చువేసింది. కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న ఒక ఉప్మా గిన్నె, బిడ్డ గుండెను పదిహేనేళ్ల తర్వాత కూడా కాచింది.

ఉప్పు, నూనె, పాలు

కలపడం వల్ల ఖాయంగా గెలిచిన కథ ఉప్పుది. నేలలోనే అయొడిన్ లేని చోట ఏ కూర తిన్నా గొంతువాపు పోదు. 1956లో కాంగ్రా లోయలో వి. రామలింగస్వామి మొదలుపెట్టిన ప్రయోగం అయొడిన్ ఉప్పుతో అది తగ్గుతుందని చూపించింది. 1998లో అయొడిన్ లేని ఉప్పును నిషేధించారు, 2000లో ఎత్తేశారు, 2006 మే నుంచి మళ్లీ అమలు చేస్తున్నారు. అదే ఉప్పులో ఇనుము కూడా కలపాలని తార్నాక శాస్త్రవేత్తలు ఏళ్లు కష్టపడ్డారు. ఇనుము తగిలితే ఉప్పు రంగు మారుతుంది, అయొడిన్ ఎగిరిపోతుంది. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపి రెంటినీ నిలబెట్టగలిగారు.

డాల్డా డబ్బాలో విటమిన్ ఏ కలపడం 1953 నుంచే తప్పనిసరి. ఇప్పుడు నూనె, పాల ప్యాకెట్ల మీద, పోషకాలు కలిపారని తెలిపే ప్లస్, ఎఫ్ గుర్తు నీలి రంగులో చూస్తున్నాం. లీటరు పాలకు కనీసం 270 మైక్రోగ్రాముల ఏ, 5 మైక్రోగ్రాముల డీ ఉండాలి. డీ విటమిన్ అవసరం ఎండలో ఉండే మనకెందుకు అనుకుంటాం. తిరుపతి స్విమ్స్‌లో సి.వి. హరినారాయణ్ బృందం పరీక్షిస్తే మండుటెండల ఊళ్లో కూడా లోపం విరివిగా కనిపించింది. కాల్షియం తక్కువ, ఫైటేట్లు ఎక్కువ ఉన్న తిండి దాన్ని మరింత పెంచుతోందని తేల్చారు. చిక్కల్లా ఏమిటంటే ఆ గుర్తు ప్యాకెట్ కొనేవాళ్లకే. పావుకిలో విడి నూనె కొనుక్కునే ఇంటికి ఆ విటమిన్ చేరదు.

ఎర్రమంజిల్ చేయగలిగినవి

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డుబియ్యాన్ని దళారికి అమ్ముకునే ఇళ్లు ఇప్పుడు వండుకు తింటున్నాయి. పోషకం కలిపిన బియ్యం కంచందాకా చేరడానికి ఇంతకన్నా మంచి తరుణం రాదు. కార్డుదారుకు కావలసిన మాటలు నాలుగే. వేరుగా కనిపించే గింజ బియ్యప్పిండితో చేసిన మందుగింజ, పారేయొద్దు. రెండుసార్లకు మించి కడగొద్దు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోండి. ఇంట్లో తలసీమియా, సికిల్ సెల్ రోగి ఉంటే డాక్టరును అడగండి. ఇవి తెలుగులో, ఉర్దూలో, గోండిలో దుకాణం గోడ మీద రాయించాలి, చదవలేనివారికి డీలరు నోటితో చెప్పాలి.

రెండో పని ఇంకా పెద్దది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. కిలో కందిపప్పు, లీటరు నూనె, చింతపండు, కారం, పసుపు, ఉప్పు, గోధుమలు, గోధుమపిండి, చక్కెర. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, పథకం నిలవలేదు. కానీ ఆ సంచి వెనుక ఉన్న ఆలోచన సరైనదే. 2024లో పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజులో ధాన్యం నుంచి వచ్చే కెలొరీలు 45 శాతం మించకూడదు. ఆరు కిలోల బియ్యం ఒక్కటే పోసి పంపితే ఆ సలహా పాటించడం ఏ ఇల్లాలి తరం? కిలో కందిపప్పు, ప్లస్ ఎఫ్ గుర్తున్న లీటరు నూనె, ఇనుము, అయొడిన్ రెండూ ఉన్న కిలో ఉప్పు. ఈ మూడూ బియ్యం పక్కన పెట్టి, అంగన్‌వాడీలో గర్భిణులకు ఇస్తున్న గుడ్డును బస్తీ బడుల్లో వారానికి ఆరు రోజులూ ఇవ్వగలిగితే ఎంత ఖర్చవుతుందో ముందు లెక్క కట్టాలి. కందులు పండించే తాండూరు రైతు మన రాష్ట్రంలోనే ఉన్నాడు. ఆ లెక్క కట్టాల్సిన అధికారులు కూర్చునేది ఎర్రమంజిల్‌లో.